గుచ్చుకున్నా తెలియని చోటు

బట్టలు కుట్టడం నా పని. కుట్టేటప్పుడు గుండుసూదుల్ని తీసినవి తీసినట్టు ఎడమవైపు ఛాతీ దగ్గర బట్టకు గుచ్చుకోవడం ఇరవై ఏళ్ల అలవాటు. రొమ్ము తీసేసిన నాలుగు నెలలకి మళ్లీ మిషన్ ముందు కూర్చున్న రోజు కూడా చెయ్యి దాని దారిన అదే పని చేసింది. ఓ అరగంటకి మా అమ్మాయి "అమ్మా, రక్తం!" అని అరిచింది. చూసుకుంటే పసుపు బట్ట మీద చొక్కా గుండీ అంత మరక. సూది చర్మంలోకి దిగి ఉంది, నాకు తెలియనే లేదు.

ఆ రాత్రే, అక్కడికి నాలుగు వేళ్ల దూరంలో దుప్పటి అంచు తగిలితే ప్రాణం లేచిపోయినట్టయింది. సూది దిగినా తెలియని ఒంటికి దుప్పటి తగిలితే మంట! ఇదెక్కడి న్యాయమో నాకు అర్థం కాలేదు.

డాక్టర్ దగ్గరికి వెళ్లిన ప్రతిసారీ "నొప్పిగా ఉందండీ" అనేదాన్ని. నొప్పి మాత్రలు రాసేవారు. వేసుకునేదాన్ని, పెద్దగా తగ్గేది కాదు. మళ్లీ వెళ్లి మళ్లీ అదే మాట. తప్పు ఆయనదే అనను, నేను చెప్పిందీ ఆ ఒక్క ముక్కే.

మార్పు వచ్చింది ఫిజియోథెరపిస్టు దగ్గర. ఆవిడ పెన్ను పట్టుకుని "నొప్పి అంటే ఎలాంటి నొప్పి? మీ మాటల్లోనే చెప్పండి" అని అడిగింది. నేను మొదలుపెట్టాను. చెయ్యి పైకెత్తితే చంకలో చర్మం కింద దారాలు బిగించి లాగినట్టు గుంజుతుంది. ఉన్నట్టుండి చంకలోంచి మోచేతి దాకా జివ్వుమని కరెంటు పోతుంది. చేతి లోపలివైపు ఎప్పుడూ తిమ్మిరి. గాటు పైభాగంలో బట్ట తగిలితే మంట. ఇంకొకటి చెప్పడానికి సిగ్గేసి చివర్లో చెప్పాను: లేని చనుమొన దురద పెడుతుంది. గోకుదామంటే చోటు లేదు.

ఆవిడ నవ్వలేదు. అన్నీ విడివిడిగా రాసుకుని "ఇది ఒక నొప్పి కాదండీ, ఐదు సంగతులు" అంది.

పక్కటెముకల మధ్య నుంచి వచ్చే నరాలే ఛాతీ చర్మానికి స్పర్శ ఇస్తాయట. రొమ్ము తీసేటప్పుడు వాటి కొమ్మలు తెగుతాయి. చంకలో లింఫు గ్రంథులు తీసేటప్పుడు ఇంటర్‌కాస్టోబ్రాకియల్ అనే మరో నరం తెగడమో సాగడమో జరుగుతుంది. నా చేతి తిమ్మిరి, జివ్వుమనడం దాని పనే. దెబ్బ తిన్న నరం ఊరుకోదు, తప్పుడు కబుర్లు పంపిస్తుంది, మామూలు తాకిడిని కూడా మంట అని చెబుతుంది. దురదంటారా, రొమ్ము పోయినా మెదడులో దాని చోటు అలాగే ఉంటుందట. ఆపరేషన్ తర్వాత మూడు నెలలు దాటినా ఇలాంటి నొప్పి ఉండేవాళ్లు నూటికి 20 నుంచి 50 మంది దాకా ఉంటారని విన్నాక, ఇన్నాళ్లూ నాకొక్కదానికే అనుకుని ఎందుకు ఏడ్చానా అనిపించింది.

ఆ కాగితం పట్టుకెళ్లి డాక్టర్‌కి చూపించాను. ఈసారి నరాల నొప్పికి వాడే గాబాపెంటిన్ రాశారు. మొదటి వారం మిషన్ మీదే కునుకు తీశాను, ఒక చొక్కాకి చెయ్యి తిరగేసి కుట్టేశాను. మోతాదు తగ్గించి మెల్లగా పెంచారు. జివ్వుమనడం రోజుకి పదిసార్ల నుంచి రెండుకి దిగింది. ఇలాంటి మందుని మనంతట మనం మొదలుపెట్టకూడదు, మనంతట మనం ఆపేయకూడదు కూడా. గుంజుడుకి చెయ్యి సాగదీసే వ్యాయామాలు, గాయం పూర్తిగా మానాక గాటు మీద వేలితో మర్దన. ఇవి బోర్ కొడతాయి, అయినా పనిచేశాయి.

నాకు నచ్చింది మాత్రం గుడ్డముక్కల పని. ఆ చోటికి మామూలు తాకిడిని మళ్లీ అలవాటు చెయ్యడానికి రకరకాల స్పర్శలు కావాలి అంటే నా దగ్గర కొదవేముంది! సిల్కు, మెత్తటి కాటన్, ఫ్లానెల్, కార్డురాయ్, చివరికి టర్కీ టవల్. ముందు కుడివైపు రుద్ది ఎలా ఉందో మనసులో పట్టుకోవాలి. తర్వాత ఎడమవైపు అదే చోట, చూస్తూ ఒకసారి, కళ్లు మూసుకుని ఒకసారి. రెండు మూడు నిమిషాలు, రోజుకి నాలుగైదుసార్లు. మెత్తటివి అలవాటయ్యాకే గరుకువి. టవల్ దాకా రావడానికి నాకు ఐదు నెలలు పట్టింది.

అమ్మాయి పెన్సిల్ మొద్దు కొసతో తాకుతుంటే ఎక్కడో నేను కళ్లు మూసుకుని చెప్పాలి. తను ఛాతీ మీద తాకితే నేను "చంకలో" అనేదాన్ని. ఇద్దరం నవ్వుకునేవాళ్లం. మధ్యలో ఒకసారి తను నవ్వడం మానేసి అటు తిరిగింది, నేను చూడనట్టే ఉన్నాను.

నెలకోసారి మొద్దుబారిన మేర చుట్టూ గీత గీసి టేపుతో కొలిచేదాన్ని. దర్జీ సుద్ద చర్మం మీద నిలవలేదు, ఐబ్రో పెన్సిల్ నిలిచింది. మొదట అడ్డంగా 14 సెంటీమీటర్లు. నరం రోజుకి ఒక మిల్లీమీటరు చొప్పున పెరుగుతుందంటారు కదా, నెలకి మూడు సెంటీమీటర్లు, ఐదు నెలల్లో అయిపోతుందని లెక్క వేసుకున్నాను. ఒంటికి లెక్కలు రావు. ఏడాదిన్నరకి 9 దగ్గరికి వచ్చి ఆగింది. పైగా స్పర్శ తిరిగొచ్చే చోట ముందు చీమలు పాకినట్టు, తర్వాత చురుక్కుమని, ఆ తర్వాతే మామూలుగా. చీమల దశలో రోగం ముదురుతోందని హడలిపోయాను.

కొన్నిచోట్ల రొమ్ము మళ్లీ కట్టేటప్పుడే నరాన్ని కూడా కలిపే ఆపరేషన్ చేస్తున్నారట. నేను మళ్లీ కట్టించుకోలేదు కాబట్టి అది నా కథ కాదు. ఇంకా ఆపరేషన్ కానివాళ్లు సర్జన్‌ని ముందే అడగండి, ఆపరేషన్ అయ్యాక అడిగితే పెద్దగా లాభం ఉండదు.

వేడినీళ్ల సంచి మాత్రం మొద్దుబారిన చోట పెట్టకండి. సుఖంగా ఉంటుందని నేను పెట్టబోయి ఫిజియో దగ్గర తిట్లు తిన్నాను, కాలినా తెలియదు కదా. కొత్తగా గడ్డ, ఎరుపు, వాపు కనిపిస్తే నరాల నొప్పేలే అని సర్దుకోకుండా చూపించుకోండి.

ఇప్పుడు ఆపరేషన్ అయి రెండేళ్ల నాలుగు నెలలు. దురద నెలకోసారి పలకరిస్తుంది, సిల్కు ముక్కతో నిమిరితే ఎందుకో తగ్గుతుంది. దుప్పటితో రాజీ కుదిరింది. గుండుసూదులకి మణికట్టుకు కట్టుకునే చిన్న దిండు కుట్టుకున్నాను. పని హడావిడిలో ఉన్నప్పుడు చెయ్యి ఇంకా ఛాతీ దాకా వెళ్లి, అక్కడ ఆగి, వెనక్కి వస్తుంటుంది.