పన్నెండు ట్యాంకులు

ఆదివారం, రాత్రి పది.

పొద్దున్నే ఒంగోలులో బస్సెక్కి నాగులుప్పలపాడు దగ్గర మా ఊరికొచ్చాను. నాన్న అప్పటికే చేలో ఉన్నాడు. శనగకి పచ్చపురుగు పడింది, మందు కొడుతున్నాడు. ఎకరానికి 200 లీటర్ల నీళ్లు కావాలి. 16 లీటర్ల ట్యాంకైతే పన్నెండుసార్లు నింపి వీపుకెత్తుకున్నా ఇంకా కాస్త మిగులుతుంది. మధ్యాహ్నం ఇంటికొచ్చి చొక్కా విప్పితే, పట్టీలు ఒరుసుకుని రెండు భుజాలూ ఎర్రగా కమిలిపోయి ఉన్నాయి. అమ్మ కొబ్బరినూనె రాస్తుంటే కిక్కురుమనలేదు.

అది చూశాకే ఆ ఎపిసోడ్ గుర్తొచ్చింది. షార్క్ ట్యాంక్ ఇండియా అని, చిన్న వ్యాపారాలవాళ్లు వచ్చి పెద్ద వ్యాపారస్తుల్ని పెట్టుబడి అడిగే టీవీ షో. దాని మొదటి సీజన్ 2021 డిసెంబరులో మొదలైంది. మహారాష్ట్రలోని మాలేగావ్ వైపు నుంచి కమలేశ్ అనే కుర్రాడు వస్తాడు. సైకిల్ భాగాలతో బండి చేసుకున్నాడు. ట్యాంకు వీపు మీద ఉండదు, బండి మీద ఉంటుంది, తోసుకుంటూ మందు కొట్టుకోవచ్చు. రాత్రి అన్నాలయ్యాక టీవీలో పెట్టాను. నాన్నకి హిందీ రాదు, నేను పక్కన కూర్చుని చెబుతున్నాను.

ఆ కుర్రాడు 30 లక్షలు అడిగి 10 శాతం వాటా ఇస్తానన్నాడు. అంటే మొత్తం వ్యాపారం మూడు కోట్లని లెక్క. చివరికి కళ్లద్దాల కంపెనీ లెన్స్‌కార్ట్ పీయూష్ బన్సల్ 10 లక్షలిచ్చి 40 శాతం తీసుకున్నాడు, అంటే విలువ 25 లక్షలే. ఇంకో 20 లక్షలు వడ్డీ లేని అప్పు. మొదటిసారి చూసినప్పుడు ఆ 40 శాతం దగ్గర నాకు కడుపు రగిలింది. అంత కష్టపడి చేసినవాడి చేతిలోంచి దాదాపు సగం పోయింది కదా అని.

నాన్న మాత్రం 40 దగ్గర ఆగలేదు.

"నష్టమొస్తే?" అన్నాడు.

"అప్పు తిరిగి కట్టాలి నాన్నా. వాటాకిచ్చిన పది లక్షలు మాత్రం కట్టక్కర్లేదు. మునిగితే ఆయన డబ్బూ మునిగినట్టే."

"ఆయనదీ పోద్దా?" అని మళ్లీ అడిగాడు.

నాకు వెంటనే 2023 డిసెంబరు గుర్తొచ్చింది. మిచాంగ్ తుఫానుకి చేలో నీళ్లు నిలిచి శనగ మొత్తం కుళ్లిపోయింది. మళ్లీ దున్ని, మళ్లీ విత్తనం కొని వేశాం. మొదటి విత్తనానికీ, రెండో విత్తనానికీ నూటికి రెండు రూపాయల వడ్డీ. అప్పిచ్చినాయన ఒక్క నెల వడ్డీ కూడా తగ్గించలేదు. కౌలు ఇచ్చిన ఆసామీ కూడా అంతే. యాభై ఎనిమిదేళ్ల మా నాన్న నష్టంలో ఇంతవరకు ఎవరూ పాలు పంచుకోలేదు. వాటా అంటే ఆయనకి పోగొట్టుకోవడంలా కాకుండా తోడు దొరకడంలా వినిపించింది. చదువుకున్నదాన్ని, శాతాలు లెక్కేశాను గానీ ఈ మాట నాకు తట్టలేదు.

తర్వాత చాలాసేపు మాట్లాడలేదు. నిద్రొచ్చిందేమో అనుకుని రిమోట్ అందుకోబోయాను.

"అమ్మాయ్, ఆ చక్రం కనపడే చోట మళ్లీ ఆపు," అన్నాడు.

ఆపాను. లేచి టీవీ దగ్గరికెళ్లి వంగి చూశాడు. కింద గచ్చు మీద జానతో కొలిచాడు.

"మన చాళ్ల మధ్య అడుగే కదా. పట్టుద్దా? పైగా నల్లరేగడి, తడి మీద చక్రానికి చుట్టుకుంటది. ఇంకాస్త సన్న చక్రం పెట్టాలి."

అమ్మ లైటు ఆపమంటున్నా వినకుండా, నా డైరీలోంచి ఒక కాయితం చింపించుకుని చక్రం బొమ్మ గీస్తున్నాడు.