ముందు ముక్కు దించు

దుండిగల్‌లోని వైమానిక దళ అకాడమీలో మన కోర్సు వాళ్లమంతా మొదట ఎక్కింది దీపక్ శిక్షణ విమానమే, హెచ్‌పీటీ-32. 260 హార్స్‌పవర్ పిస్టన్ ఇంజిన్ ఒక్కటే. చక్రాలు ముడుచుకోవు. శిక్షకుడూ మనమూ పక్కపక్కనే కూర్చునేవాళ్లం. ప్రమాదంలో పైలట్‌ను సీటుతో సహా బయటికి విసిరేసే ఎజెక్షన్ సీటు మాత్రం లేదు. ఇంజిన్ ఆగితే విమానాన్ని ఎక్కడో ఒకచోట దించుకోవాల్సిందే.

మా ఇన్‌స్ట్రక్టర్ సార్ ఏదో మాట్లాడుతూ మాట్లాడుతూనే థ్రాటిల్ వెనక్కి లాగేసి ఇంజిన్ ఆగినట్టు చేసేవారు. మోత తగ్గగానే ఎత్తు పోతోందన్న భయంతో ముక్కు ఎత్తుదామని చెయ్యి స్టిక్‌ని వెనక్కి లాగబోతుంది. అలా లాగితే వేగం పడిపోయి, రెక్కలు మోయలేక విమానం స్టాల్ అవుతుంది. "ముందు ముక్కు దించు, తర్వాత ఆలోచించు" అనేవారాయన. ఇంజిన్ లేకుండా జారుతూ దిగే వేగం, అంటే గ్లైడ్ స్పీడ్, కుదిరాక గాలివాటం చూసుకుని పొలం ఎంచుకోవాలి. ఇంధనం వదిలే ఫ్యూయల్ కాక్, పంపు, ఇంజిన్‌లో నిప్పురవ్వ పుట్టించే మాగ్నెటోలు చూసుకోవడం ఆ తర్వాతే.

పొలం ఎంచుకోవడమే పెద్ద చదువు. మెదక్ వైపు పైనుంచి పచ్చగా, చదునుగా కనిపించి రమ్మన్నట్టుండేది వరిమడి. అందులో నీళ్లుంటే చక్రం దిగబడి విమానం తిరగబడుతుంది. దున్నిన చెలకైతే చాళ్ల వెంబడి దిగాలి, అడ్డంగా దిగకూడదు. కరెంటు తీగలు కంటికి ఆనవు, స్తంభాల కోసం వెతకాలి. ఒకరోజు ఇద్దరికీ నచ్చిన చెలక మీదికి దిగుతూ పోతే గట్టు వెంబడి స్తంభాల వరుస బయటపడింది. సార్ ఏమీ అనలేదు, పవర్ ఇచ్చి పైకి తీసి ఇంకో పొలం చూపించమన్నారు.

అన్నిటికన్నా కష్టం టేకాఫ్ అయిన కాసేపటికే ఇంజిన్ ఆగడం. రన్‌వే వెనకే ఉంది కదా, తిప్పేద్దామనిపిస్తుంది. 60 డిగ్రీలు వాల్చి తిప్పితే స్టాల్ వేగం సుమారు 40 శాతం పెరుగుతుంది, ఉన్న కాస్త ఎత్తూ కరిగిపోతుంది. ఎదురుగా ఉన్న నేల ఎలాంటిదైనా అందులోనే దిగాలి.

2009 జులై 31న మెదక్ జిల్లాలో దీపక్ కూలి ఇద్దరు అధికారులు చనిపోయారు. ఇద్దరూ శిక్షకులే. ఆ వార్త విని నేను చాలాసేపు ఏ పనీ చేయలేకపోయాను. ఈ డ్రిల్లులన్నీ మనలాంటివాళ్లకు నేర్పేవాళ్లే పోయారంటే, ఇక నైపుణ్యాన్నొక్కదాన్నే నమ్ముకోమని ఎవరికి చెప్పగలం? పదేపదే ఇంజిన్ ఆగిపోతున్న ఆ విమానాలను అప్పుడు శిక్షణ నుంచి తప్పించారు. కొన్నేళ్లపాటు కేడెట్లు తొలి పాఠాలు కూడా తర్వాతి దశకు వాడే కిరణ్ జెట్ల మీదే నేర్చుకున్నారు. 2013లో పిలాటస్ పీసీ-7 మార్క్-2 విమానంతో శిక్షణ మొదలైంది. అందులో ఎజెక్షన్ సీట్లున్నాయి. అది ఎంతో ముందే జరగాల్సిందని నా గట్టి అభిప్రాయం.

ఈ సంచికలో మన కోర్సు ఫొటోకన్నా ముందు పేజీలో ఆ ఇద్దరు శిక్షకుల ఫొటోలు వేయమని సంపాదకులను అడిగాను. ఒప్పుకున్నారు. వాళ్లతో కలిసి ఎగిరినవాళ్లు మనలో ఎవరైనా ఉంటే, ఆ పేజీకి నాలుగు మాటలు రాసి పంపండి.