కెమెరా మెడ తిప్పించడానికి 14 నెలలు

చలికాలం వచ్చిందంటే మా అత్తమ్మ పొద్దున తొమ్మిదింటికల్లా డాబా ఎక్కుతుంది. నీళ్ల ట్యాంకు పక్కన పీట వేసుకుని, జుట్టు విరబోసుకుని, కొబ్బరినూనె రాసుకుంటూ గంటసేపు ఎండలో కూర్చుంటుంది. 78 ఏళ్ల మనిషి. రోజు మొత్తంలో తనది అనుకునే గంట అదొక్కటే. 2024 జనవరిలో ఒకరోజు అయిదు నిమిషాలకే పీట చంకన పెట్టుకుని కిందికి దిగొచ్చేసింది.

"ఏమైందత్తమ్మా?"

"గా గుడి కాడిది నా దిక్కే చూస్తున్నది."

పైకెళ్లి చూశాను. గుడి మలుపులో ఇనుప స్తంభానికి మూడు కెమెరాలు. రెండు తలలు వంచుకుని రోడ్డును చూస్తున్నాయి. మూడోది మాత్రం మెడ ఎత్తి సరిగ్గా మా డాబాను చూస్తోంది. ఆ స్తంభం ఎత్తూ మా పిట్టగోడ ఎత్తూ ఇంచుమించు ఒకటే. రాత్రి మళ్లీ వెళ్లి చూస్తే దాని గాజు చుట్టూ సన్నటి ఎర్ర చుక్కలు వెలుగుతున్నాయి. బట్టలు ఆరేసిన తీగ మీంచి నా నైటీ తీసేసుకుని కిందికొచ్చాను.

ముందే చెప్తున్నా, కెమెరాలంటే నాకు పడదని కాదు. మా వీధిలోనే రెండుసార్లు గొలుసు దొంగతనాలు జరిగాయి. 2023 సెప్టెంబరులో, తెలంగాణ అసెంబ్లీ ఎన్నికలకు ముందు, జనం డబ్బుతో వీధుల్లో కెమెరాలు పెట్టే పోలీసుల 'నేను సైతం' పథకం కింద కాలనీలో ఇంటికి 1,500 చొప్పున వసూలు చేస్తే నేనే ముందు ఇచ్చాను. మిగతా డబ్బు నాయకులు ఇచ్చారని స్తంభం కింద పేర్లతో పలక కూడా ఉంది. ఏ కాలనీ అన్నది మాత్రం రాయను. రాస్తే కార్పొరేటర్ ఎవరో, స్టేషను ఏదో చిన్నపిల్లలు కూడా చెప్పేస్తారు.

మెడ తిప్పడమే కదా, నిచ్చెన వేస్తే రెండు నిమిషాల పని అనుకున్నాను. కాలనీ ప్రెసిడెంట్ గారి దగ్గరికెళ్లాను. "మనం పైసలిచ్చినం గంతే అమ్మా, పెట్టింది వాళ్లు, చూసేది వాళ్లు" అన్నారు. వాళ్లంటే పోలీసులు. స్టేషనుకెళ్తే రిసెప్షన్లో కూర్చున్న కానిస్టేబుల్ మంచివాడే, కుర్చీ చూపించాడు. అంతా విని, "అది కాలనీ కెమెరా మేడం, కాలనీవాళ్లనే అడగండి" అన్నాడు.

"మరి అందులో పడే బొమ్మ మీ దగ్గరికే వస్తుంది కదా?"

"వస్తది. గానీ అది మాది కాదు."

ఈ మాట ఆ తర్వాత 14 నెలల్లో రకరకాల నోళ్ల నుంచి, రకరకాల లెటర్‌హెడ్ల మీద విన్నాను, చదివాను. సారం మాత్రం ఇదే.

ఇక మన ప్రజాప్రతినిధులు. కార్పొరేటర్ ఆఫీసుకు ఎన్నిసార్లు వెళ్లానో లెక్క పెట్టలేదు. ఒక టేబుల్, దాని మీద గుట్టగా పెళ్లి కార్డులు, గోడకి ఆనించి ఎర్ర ప్లాస్టిక్ కుర్చీలు. పీఏ ప్రతిసారీ నోట్‌బుక్కులో నా పేరు రాసుకునేవాడు, ప్రతిసారీ కొత్త పేజీలో. "అన్న చూస్తడక్కా" అనేవాడు. వాట్సాప్‌లో ఫోటోలతో సహా పంపితే రెండు నీలం టిక్కులు పడేవి, అంతే. మార్చి నడిమికి పార్లమెంటు ఎన్నికల కోడ్ వచ్చింది. కెమెరా మెడ తిప్పడానికి ఎన్నికల నియమావళి ఎట్లా అడ్డమో నాకిప్పటికీ అర్థం కాదు గానీ, జూన్ దాకా "కోడ్ ఉంది" అన్నదే జవాబు.

అదే మార్చిలో ఫోన్ ట్యాపింగ్ కేసు బయటపడింది. పాత ప్రభుత్వంలో నాయకుల ఫోన్లు, వ్యాపారుల ఫోన్లు విన్నారనీ, ఆ హార్డ్ డిస్కులు ధ్వంసం చేశారనీ ఆరోపణలు. రోజూ టీవీలో అదే చర్చ. అన్ని పార్టీలవాళ్లూ వ్యక్తిగత గోప్యత అంటే ఏమిటో నాకు పాఠంలా చెప్పారు. ఆ వేడిలోనైనా పని జరుగుతుందేమోనని మళ్లీ వెళ్లాను. ఆ రోజు అదృష్టం, కార్పొరేటర్ స్వయంగా దొరికాడు. నవ్వాడు. "ఏం తప్పు చేయనోళ్లకు భయమెందుకక్కా? అమ్మ నూనె పెట్టుకుంటే ఎవరు చూస్తరు?" అన్నాడు. పక్కనున్న కుర్రాడు ఫోటో తీశాడు. సాయంత్రానికి ఆ ఫోటో ఆయన ఫేస్‌బుక్ పేజీలో ఉంది, 'ప్రజా సమస్యలు అడిగి తెలుసుకుంటున్న' అని. నన్నెవరో చూస్తున్నారని చెప్పుకోవడానికి పోతే, మా కజిన్లతో సహా ఊరంతా చూసింది.

ఎమ్మెల్యే ఆఫీసులో మర్యాద ఎక్కువ. టీ ఇచ్చారు. లెటర్‌హెడ్ మీద 'తగు చర్య నిమిత్తం' అని రాసి పంపించారు. ఎక్కడికి? ఆ స్టేషనుకే.

అప్పుడు ఆర్టీఐ, అంటే సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు వేద్దామన్న ఆలోచన వచ్చింది. నేను ఒక ఆడిటర్ దగ్గర లెక్కలు రాస్తాను కాబట్టి కాగితం అంటే భయం లేదు. పొగరు కూడా కొంత ఉంది. జూలైలో ఒక తెల్లకాగితం మీద మూడు పేజీలు దంచాను. ఆ కెమెరా మా ఇంటి వైపు ఎందుకు ఉంది? ఎవరి ఆనందం కోసం? మా అత్తమ్మ ఏ నేరం చేసింది? 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది జడ్జీలతో గోప్యత ప్రాథమిక హక్కు అని చెప్పింది మీకు తెలియదా? పది రూపాయల కోర్టు ఫీజు స్టాంపు అంటించి ఇచ్చొచ్చాను. సరిగ్గా ముప్పయ్యో రోజున జవాబొచ్చింది. 'మీరు కోరినది సమాచార హక్కు చట్టం సెక్షన్ 2(ఎఫ్) నిర్వచనంలోకి రాదు.' అసలు 'సమాచారం' అంటే ఏమిటో చెప్పే సెక్షన్ అది.

కోపం వచ్చింది గానీ, తప్పు నాదే. జిరాక్స్ షాపు నడిపే అన్న నా దరఖాస్తు చూసి పకపకా నవ్వాడు. ఆర్టీఐ దరఖాస్తులు టైపు చేయడంలో ఆరితేరినవాడు. "అక్కా, ఇది దరఖాస్తు కాదు, ఉత్తరం. 'ఎందుకు' అనే మాట ఎక్కడ కనిపించినా కొట్టేయ్. వాళ్ల దగ్గర ఉన్న కాగితం ఏదో అది అడుగు. పేరు అడగకు, హోదా అడుగు. పేరంటే వ్యక్తిగతం అంటరు." ఈ నాలుగు మాటలకు అతను పైసా తీసుకోలేదు. టైపింగుకు మాత్రం అరవై తీసుకున్నాడు.

సెప్టెంబరులో రెండోది వేశాం. అయిదే ప్రశ్నలు, అరపేజీ. ఆ మలుపులో స్తంభం వేయడానికి ఇచ్చిన అనుమతి నకలు. ఆ స్తంభం మీదున్న కెమెరాల జాబితా, ఒక్కోటి ఏ వైపు చూడాలో చెప్పే రికార్డు. వీడియోను ఎన్ని రోజులు దాచాలో చెప్పే ఉత్తర్వు. దాన్ని చూసే అధికారం ఉన్నవాళ్ల హోదాలు. గత మూడు నెలల్లో ఎవరు చూశారో రాసిన రిజిస్టరు పేజీలు.

ఎన్ని రోజులు అన్న ప్రశ్న ఊరికే అడగలేదు. 2013లో వచ్చిన ప్రజా భద్రత చట్టం ప్రకారం ఒకేసారి వందమంది గానీ, రోజుకు 500 మంది గానీ వచ్చిపోయే చోట కెమెరాలు పెట్టాలి, రికార్డింగు 30 రోజులు దాచాలి. అది హోటళ్లు, దుకాణాలు, ఆసుపత్రుల లాంటి వాటి సంగతి. మా డాబాకు వందమంది రారు. సంక్రాంతికి గాలిపటాలప్పుడు ఇరవై మంది వస్తే ఎక్కువ.

జవాబు 41 రోజులకు వచ్చింది. ఒక ప్రశ్నను సెక్షన్ 6(3) కింద ఇంకో ఆఫీసుకు బదిలీ చేశారు. బదిలీ చేయాల్సింది అయిదు రోజుల్లో. ఒకదానికి 8(1)(హెచ్), అంటే దర్యాప్తుకు ఆటంకం అన్నారు. దేని దర్యాప్తో రాయలేదు. రిజిస్టరు ప్రశ్నకు మాత్రం సూటిగా చెప్పారు: 'అట్టి రిజిస్టరు నిర్వహించుట లేదు.' ఆ వాక్యం దగ్గర చాలాసేపు ఆగిపోయాను. మా కాలనీ వాచ్‌మన్ దగ్గర కూడా పాలబ్బాయి ఎప్పుడొచ్చాడో రాసిన పుస్తకం ఉంటుంది.

ఆ నవంబరులోనే ఇంటింటి కుటుంబ సర్వేకు టీచరమ్మ ఒకావిడ వచ్చింది. కులం, ఆస్తి, అప్పు, చదువు, ఫ్రిజ్ ఉందా, అన్నీ కలిపి 75 దాకా ప్రశ్నలు. పాపం, ఆమె తప్పేం లేదు, చెప్పులు అరిగేలా తిరుగుతోంది. అత్తమ్మ అన్నిటికీ ఓపిగ్గా జవాబు చెప్పి, చివర్లో, "బిడ్డా, మా కోడలు అయిదే అడిగింది. గవి ఎవలు చెప్తరు?" అంది. టీచరమ్మ పెన్ను మూసి నవ్వింది.

మొదటి అప్పీలు, అంటే అదే శాఖలో పై అధికారికి, నవంబరు ఆఖర్లో వేశాను. జవాబు వచ్చిన 30 రోజుల్లోపు వేయాలి, ఫీజు లేదు. రెండో అప్పీలు సమాచార కమిషన్‌కు వేసుకోవచ్చు గానీ, 2023 ఫిబ్రవరి నుంచి రాష్ట్ర కమిషన్‌లో ఒక్క కమిషనర్ కూడా లేరు. ప్రభుత్వం నియమించింది 2025 మేలో. అంటే అప్పటికి నా ముందున్న మెట్టే చివరి మెట్టు. అందుకని జిరాక్స్ అన్న ఇంకో సలహా ఇచ్చాడు: "నకళ్లు ఇయ్యకపోతే రికార్డు చూస్తానను. చూసే హక్కు కూడా చట్టంలోనే ఉంది." సెక్షన్ 2(జె)లో నిజంగానే ఉంది. జనవరి మొదటి వారంలో విచారణకు పిలిచారు. అప్పీలు వినే అధికారి ఫైలు తిరగేసి, ఎదురుగా నిలబడ్డ సిబ్బందిని చూసి, "జాబితా చూపిస్తే పోయేదేముంది?" అన్నారు. పది నిమిషాల్లో అయిపోయింది. ఏడాదిలో నాకు అందిన మొదటి మామూలు మాట అది.

ఫిబ్రవరిలో ఆ జాబితా చూశాను. గట్టి అట్ట పుస్తకం, చేత్తో గీసిన గడులు. మూడో వరుసలో 'టెంపుల్ కార్నర్, కెమెరా 3, కవరేజి: మెయిన్ రోడ్ వైపు, పనిచేయుచున్నది' అని నీలం సిరాతో ఉంది. అంటే కాగితం మీద ఆ కెమెరా ఏనాడూ మా డాబాను చూడలేదు. నకలు అడిగాను, ఇచ్చారు, పేజీకి రెండు రూపాయలు తీసుకున్నారు. దాన్ని పట్టుకుని ఎస్సై దగ్గరికెళ్లాను, అప్పటికి కొత్తాయన వచ్చాడు.

"ఇంతకీ మీకు కావాల్సిందేంటి మేడం?"

"మీ పుస్తకంలో రాసుకున్న దిక్కుకు దాన్ని తిప్పండి సార్, చాలు."

కాగితం చూశాడు, నన్ను చూశాడు, ఫోన్ తీశాడు. మార్చిలో ఒక శనివారం పొద్దున అల్యూమినియం నిచ్చెన బండికి కట్టుకుని ఒక కుర్రాడు వచ్చాడు. పోలీసు కాదు, కెమెరాలు బిగించే ప్రైవేటు మనిషి. ఎక్కేముందు జేబులోంచి ఫోన్ తీసి ఒక యాప్ తెరిచాడు. మా డాబా కనిపించింది. ట్యాంకు, తీగ మీద దుప్పటి, తులసికోట, గోడకి ఆనించిన పీట. నేను వింతగా చూస్తున్నానని సంబరపడి, రెండు వేళ్లతో పెద్దది చేసి చూపించాడు. "క్లారిటీ చూడండి మేడం, ఫోర్ మెగాపిక్సెల్." తులసి ఆకులు లెక్కపెట్టొచ్చు.

"ఇది నీ ఫోన్లో ఎట్లా వస్తుంది బాబూ?"

"పాస్‌వర్డ్ మాకుంటది గదా మేడం. రిపేర్‌కు."

చూసే అధికారం ఎవరికుంది అన్న నా నాలుగో ప్రశ్నకు నాలుగు ఆఫీసుల్లో దొరకని జవాబు అది. "మీ షాపులో ఎంతమంది దగ్గరుంది?" అంటే వేళ్ల మీద లెక్కపెట్టడం మొదలుపెట్టాడు, నలుగురో అయిదుగురో, ఒకతను మానేశాడట. మానేసినతని ఫోన్లోంచి తీసేశారా అని అడిగాను. "అది చూడాలె" అంటూ నిచ్చెనెక్కాడు.

స్క్రూ వదులు చేసి మెడ కిందికి వంచాడు. పైనుంచి ఫోన్ నాకు అందించి, "చూస్కోండి, చాలా?" అన్నాడు. ఇప్పుడు తెరలో మెయిన్ రోడ్డు లేదు. చెట్టు కింద ఇస్త్రీ బండి, దాని వెనక ఇస్త్రీ అతను కుటుంబంతో ఉండే ఒంటిగది తలుపు ఉన్నాయి. తలుపు తీసే ఉంది. ఇస్త్రీ పెట్టె పట్టుకుని అతను తలెత్తి స్తంభం వైపు చూశాడు.

"ఇంకాస్త ఎడమకు" అన్నాను.

"ఎడమకు తిరగదు మేడం, గా కొమ్మ అడ్డమొస్తది."

"అయితే కొమ్మ దాకా తిప్పు."

తిప్పాడు. ఇప్పుడు ముప్పాతిక తెర రోడ్డు, ఒక మూలన ఆ తలుపు సగం. అంతకన్నా కాదన్నాడు. ఇస్త్రీ అతనికి విషయం చెప్పాను. ఆ రోజు సాయంత్రం అతను తలుపుకు పాత చీరొకటి కట్టాడు. మానేసినతని పాస్‌వర్డ్ సంగతి అడుగుతూ మూడో దరఖాస్తు వేశాను. ఈసారి జిరాక్స్ అన్న టైపింగుకు కూడా డబ్బులు తీసుకోలేదు.

అత్తమ్మ మర్నాడు పీట తీసుకుని పైకెళ్లింది. కెమెరా తిప్పేశారు అత్తమ్మా, ఇక ఎక్కడైనా కూర్చోవచ్చు అన్నాను. "ఔనా" అని, పీట ట్యాంకు వెనక్కి జరుపుకుని కూర్చుంది. అక్కడ ఎండ సగమే పడుతుంది.