పీజీఈ2 పోయాక మిగిలేది

మా ల్యాబ్‌లో కొత్తగా చేరినవాళ్ళు తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది. "జ్వరం తెచ్చేదీ నొప్పి పెంచేదీ పీజీఈ2 అనే ప్రోస్టాగ్లాండిన్ (కణాలు పక్క కణాలకు కబురు పంపే పదార్థం) కదా మేడమ్, దాన్ని వదిలేసి దాని మెటబొలైట్, అంటే ఒంట్లో అది మారాక మిగిలే పదార్థం, వెంట ఎందుకు పడుతున్నాం?" అని. న్యాయమైన ప్రశ్నే. ఆ మెటబొలైట్ పేరు 13,14-డైహైడ్రో-15-కీటో-పీజీఈ2. పాఠ్యపుస్తకాల్లో దాని గురించి ఉండేది ఒక్క ముక్క: "క్రియాశీలం కాని మెటబొలైట్". అక్కడితో పేజీ తిప్పేస్తారు. అణువులను బరువు చూసి గుర్తుపట్టే మాస్ స్పెక్ట్రోమీటర్ ముందు కూర్చుని దీన్ని కొలవడమే ఉద్యోగమైన నాకు ఆ ముక్క చూస్తే ఒళ్ళు మండుతుంది.

ముందు పీజీఈ2 సంగతి. ఇది ఎక్కడా నిల్వ ఉండదు. అవసరం పడ్డప్పుడు కణం తన పొరలోంచి అరకిడోనిక్ ఆమ్లం అనే కొవ్వు ఆమ్లాన్ని విడదీసి, కాక్స్ అనే ఎంజైములతో పీజీహెచ్2 అనే మధ్య పదార్థంగా, దాన్ని మళ్ళీ పీజీఈ2గా మారుస్తుంది. ఆస్పిరిన్ అడ్డుకునేది ఈ తయారీనే అని 1971లో శాస్త్రవేత్త జాన్ వేన్ చూపించాడు. పుట్టిన చోటే, పక్కనున్న కణాల మీదే దీని పని. మెదడులోని హైపోథాలమస్‌లో అయితే జ్వరం తెస్తుంది, కడుపులో జిగురుపొరను కాపాడుతుంది, మూత్రపిండాల్లో రక్తప్రసరణను చూసుకుంటుంది. దీని కబురు అందుకోవడానికి కణాల మీద ఈపీ1 నుంచి ఈపీ4 దాకా నాలుగు రిసెప్టర్లున్నాయి. ఎక్కడ ఏది ఉంటే అక్కడ ఆ పని. ఇలాంటిది రక్తంలో కలిసి ఒళ్ళంతా తిరిగితే కడుపు కోసం పుట్టిన కబురు ఊరందరికీ చేరినట్టే. కాబట్టి దీన్ని తయారుచేయడం ఎంత అవసరమో, వెంటనే చంపేయడమూ అంతే అవసరం.

ఆ పని ఎక్కువగా ఊపిరితిత్తులది. 1967లో ఫెరీరా, వేన్ జంతువుల మీద చేసిన ప్రయోగాల్లో, రక్తం ఒక్కసారి ఊపిరితిత్తులు దాటేసరికి అందులోని పీజీఈ2లో 90 శాతానికి పైగా మాయమైంది. ఊపిరితిత్తులంటే గాలి మార్చుకునే అవయవమని మాత్రమే చదువుకున్నవాళ్ళకి ఇది కొంచెం వింతగానే ఉంటుంది.

చంపే పద్ధతి చూస్తే ముచ్చటేస్తుంది. పీజీఈ2లో 20 కార్బన్లు, మధ్యలో ఐదు కార్బన్ల వలయం, 15వ కార్బన్ మీద ఒక హైడ్రాక్సిల్ (ఆక్సిజన్, హైడ్రోజన్ల జంట). రిసెప్టర్ దీన్ని గట్టిగా పట్టుకోవాలంటే ఆ హైడ్రాక్సిల్ ఉండాలి. ఒక రవాణా ప్రోటీన్ పీజీఈ2ను కణం లోపలికి లాక్కోగానే 15-పీజీడీహెచ్ అనే ఎంజైమ్ సరిగ్గా అక్కడే దెబ్బకొడుతుంది. రెండు హైడ్రోజన్లు లాగేసి ఎన్ఏడీ అనే సహాయక అణువుకి అప్పగిస్తుంది. హైడ్రాక్సిల్ కాస్తా కీటోన్ (కార్బన్‌కి ద్విబంధంతో అతికిన ఆక్సిజన్) అయిపోతుంది. ఇది 15-కీటో-పీజీఈ2. ఆ వెంటనే ఇంకో ఎంజైమ్ 13, 14 కార్బన్ల మధ్య ఉన్న ద్విబంధానికి రెండు హైడ్రోజన్లు చేరుస్తుంది. మన మెటబొలైట్ తయారు.

గమనించారా, రెండు పోయాయి, రెండు వచ్చాయి. బరువు మళ్ళీ 352 దగ్గరే ఆగింది. అంటే పీజీఈ2కీ దీనికీ అణుభారంలో తేడా లేదు. పీజీడీ2 అనే ఇంకో ప్రోస్టాగ్లాండిన్ కూడా అంతే బరువు. బరువు చూసి గుర్తుపట్టడానికే పుట్టిన యంత్రానికి ఇంతకన్నా ఎగతాళి ఏముంటుంది! ముందు పదార్థాలను వేరుచేసే కాలమ్ మీద వీటిని విడిగా రప్పించాలి, తరవాత ఏది ఎలా ముక్కలవుతోందో చూడాలి. లేకపోతే మూడూ ఒకటే.

అది కుదిరినా ఇంకో తలనొప్పి ఉంది. ఈ మెటబొలైట్ నిలకడలేనిది. 9వ కార్బన్ మీద కీటోన్, 11 మీద హైడ్రాక్సిల్ ఉన్నాయి కదా, ఆ జంట నీటిని సులువుగా వదిలేస్తుంది. మిగిలింది ఊరుకోదు, తోకలోని 16వ కార్బన్ వంగి వచ్చి 11వ కార్బన్‌కి అతుక్కుని రెండో వలయం కట్టేస్తుంది. దాన్ని బైసైక్లో-పీజీఈ2 అంటాం. శాంపిల్ బల్ల మీద ఉండగానే మనం కొలవాల్సింది ఇంకోటిగా మారిపోతుందన్నమాట. అందుకే కొందరు కావాలనే మొత్తాన్ని బైసైక్లో రూపానికి మార్చి కొలుస్తారు. నాకు మెథాక్సీఅమీన్ అనే రసాయనం వేసి కీటోన్లను ముందే కట్టిపడేసే పద్ధతే ఇష్టం.

ఇంత అవస్థ దేనికంటే, సూది గుచ్చి రక్తం తీసేటప్పుడే రక్తకణాలు కొత్తగా ప్రోస్టాగ్లాండిన్లు తయారుచేస్తాయి. రక్తంలో పీజీఈ2 కొలిస్తే ఒంట్లో ఉన్నదానికంటే సిరంజిలో పుట్టిందే ఎక్కువ కనిపించవచ్చు. పైగా రక్తంలో పీజీఈ2 సగమైపోవడానికి అర నిమిషం కూడా పట్టదు, మెటబొలైట్ కొన్ని నిమిషాలు నిలుస్తుంది. మూత్రం ఇంకా మేలు. మెటబొలైట్ ఆమ్లపు చివర నుంచి బీటా ఆక్సిడేషన్‌లో (కార్బన్లను రెండేసి చొప్పున తెంపే పద్ధతిలో) నాలుగు కార్బన్లు ఊడిపోయి, ఇంకో చివర కూడా ఆమ్లంగా మారి, 16 కార్బన్ల పీజీఈ-ఎమ్ అవుతుంది. ఒళ్ళంతటా తయారైన పీజీఈ2 లెక్క అందులో ఉంటుంది. మూత్రంలో మామూలు పీజీఈ2 కూడా ఉంటుంది కానీ అది ఎక్కువగా మూత్రపిండాలు అక్కడికక్కడ చేసుకున్నది. మగవాళ్ళ శాంపిళ్ళలో పీజీఈ2 దండిగా ఉండే వీర్యం కాస్త కలిసినా అంకె తలకిందులే.

ఈ విరిచే పని ఆగిపోతే ఏమవుతుందో 2008లో తెలిసింది. 15-పీజీడీహెచ్‌ను తయారుచేసే జన్యువు రెండు ప్రతులూ పాడైనవాళ్ళకి వేళ్ళ చివర్లు ఉబ్బుతాయి, గోళ్ళు వంపు తిరుగుతాయి, పొడవాటి ఎముకల చుట్టూ కొత్త ఎముక పెరుగుతుంది, కీళ్ళు నొప్పులు పుడతాయి. కొందరిలో డక్టస్ ఆర్టీరియోసస్ మూసుకోదు. గర్భంలో బిడ్డ ఊపిరితిత్తులను దాటవేసి రక్తాన్ని పంపే నాళం అది. దాన్ని తెరిచి ఉంచేది పీజీఈ2. పుట్టాక మాయ నుంచి సరఫరా ఆగిపోతుంది, ఊపిరితిత్తులకు రక్తం పూర్తిగా అందుతుంది, ఉన్న పీజీఈ2 విరిగిపోతుంది, ఆక్సిజన్ కూడా పెరగడంతో నాళం మూసుకుంటుంది. ఊపిరితిత్తుల వ్యాధుల్లో వేళ్ళు ఉబ్బడాన్ని హిపోక్రటీస్ కాలం నుంచీ చూస్తూనే ఉన్నారు. దాని వెనక ఈ ఎంజైమ్ ఉండవచ్చన్న ఆలోచనకి ఇక్కడ గట్టి ఊతం దొరికింది.

మందులు చేసేవాళ్ళు మాత్రం ఈ మెటబొలైట్లను ఎప్పుడూ చిన్నచూపు చూడలేదు. కాన్పు తరవాత రక్తస్రావం ఆపే కార్బోప్రోస్ట్‌లో 15వ కార్బన్ మీద ఒక మిథైల్ పెట్టారు, ఎంజైమ్ నోరు పెట్టకుండా. మలబద్ధకానికి వాడే లూబిప్రోస్టోన్ ఇంకా తమాషా. పీజీఈ2కి దగ్గరి చుట్టమైన పీజీఈ1 మెటబొలైట్‌కి, అంటే 13,14-డైహైడ్రో-15-కీటో-పీజీఈ1కి, రెండు ఫ్లోరిన్లు తగిలించిన అణువు అది. చచ్చిందనుకున్న అస్థిపంజరానికే 2006లో అమెరికాలో మందుగా అనుమతి వచ్చింది. మధ్య మెట్టు 15-కీటో-పీజీఈ2 కూడా పూర్తిగా చచ్చినట్టు కాదు. కణకేంద్రంలోని పీపార్-గామా అనే రిసెప్టర్‌కి అతుక్కుని పనిచేస్తుంది.

ఈమధ్య 15-పీజీడీహెచ్‌ను ఆపే పదార్థాల మీద సందడి ఎక్కువైంది. 2015లో ఎలుకల్లో అలా ఆపితే ఎముకమజ్జ, పేగు, కాలేయం త్వరగా కోలుకున్నాయి. 2021లో ముసలి ఎలుకల కండరాలు బలపడ్డాయి. వినడానికి బాగానే ఉంది. కానీ పెద్దపేగు క్యాన్సర్లలో తరచూ కనుమరుగయ్యే ఎంజైమ్ కూడా ఇదే. ఏళ్ళ తరబడి దీన్ని ఆపి ఉంచే మందంటే నాకు టెన్షనే.

ఇక్కడ నా పీజీఈ-ఎమ్ కూడా నన్ను మోసం చేస్తుంది. ఎంజైమ్ ఆగితే పీజీఈ2 పెరుగుతుంది, పీజీఈ-ఎమ్ తగ్గుతుంది. జన్యువు పాడైనవాళ్ళ మూత్రంలో కనిపించేదీ అదే. మెటబొలైట్ ఒక్కటే కొలిచినవాళ్ళు ఒంట్లో పీజీఈ2 తయారీ తగ్గిందని రాసేస్తారు. అందుకే అలాంటి శాంపిళ్ళు వస్తే రెండూ కొలిచి, రెంటి నిష్పత్తి కూడా రిపోర్టులో వేయమని మా పిల్లలకి చెబుతుంటాను.