అరిచే చోటే తెగిపోతున్న శాక్సఫోన్: మూడో ప్రయత్నం

శనివారం రాత్రి కచేరీ నుంచి ఇంటికి చేరేసరికి పదకొండున్నర దాటింది. భోజనం సంగతి పక్కన పెట్టి, రికార్డర్‌లోని కార్డు తీసి కంప్యూటర్‌లో పెట్టాను. నేరుగా ముప్పై ఒకటో నిమిషానికి వెళ్లాను. మళ్లీ తెగింది, అంటే శాక్సఫోన్ అరుపు పట్టగలిగే హద్దు దాటి, శబ్ద తరంగం కొన నరికినట్టు చదునైంది. ఇది మూడోసారి. మొదటిసారి తరంగం అడుగు వైపు చదునైంది, రెండోసారి రెండు వైపులా, ఈసారి పై వైపు. టంకం వేసి, విప్పి, మళ్లీ వేసి మూడు వారాలు గడిపితే, ఆ చదును గీత ఒక వైపు నుంచి మరో వైపుకు జరిగింది, అంతే. రాత్రి చాలా కోపం వచ్చింది. పొద్దున లేచి చూస్తే, అది వైపు మారడంలోనే అసలు సంగతి ఉందనిపించింది. కొలతలు మరిచిపోకముందే అంతా రాసి పెడుతున్నాను.

బెంగళూరు ఇందిరానగర్‌లో నలభై అయిదు కుర్చీల చిన్న హాలు. టెనర్ శాక్సఫోన్, డ్రమ్స్, ఇద్దరే వాద్యకారులు. వేదిక మీద మైకులూ స్పీకర్లూ లేవు. రికార్డు చేసుకోవడానికి ఇద్దరి దగ్గరా ముందే అనుమతి తీసుకున్నాను. ఫైలు మొదట వాళ్లకే పంపుతాను, వద్దంటే చెరిపేస్తాను. ఈ నియమం ఇంతవరకు తప్పలేదు.

ఆ ముప్పై ఒకటో నిమిషంలో జరిగింది ఇది. డ్రమ్మర్ చిన్న సింబల్‌ను పెద్ద డ్రమ్ము మీద బోర్లించి బ్రష్షుతో రుద్దుతున్నాడు. శాక్సఫోన్‌లో స్వరం లేదు, ఊపిరి మాత్రమే ఉంది. మీటల మెత్తలు రంధ్రాల మీద పడుతున్న టకటక వినిపిస్తోంది. ఫైలులో ఆ భాగం సగటున మైనస్ 52 డెసిబెల్స్ దగ్గర ఉంది (ఫైలు పట్టగలిగే గరిష్ఠం సున్నా). హాలులో ఎవరూ కదలడం లేదు. అక్కడి నుంచి రెండు సెకన్లయినా గడవలేదు, వాద్యం ఒక్కసారిగా గొంతు విప్పింది. ఒకే ఊపిరిలో మూడు నాలుగు స్వరాలు ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ పలికే అరుపు అది. ఒళ్లు జలదరించింది. సరిగ్గా అక్కడే నా రికార్డింగు చిరిగిన గుడ్డలా వినిపిస్తోంది.

ఇది ఫ్రీ జాజ్, ముందే కట్టుకున్న చట్రం లేకుండా అప్పటికప్పుడు వాయించే జాజ్. ఫ్రీ జాజ్ అంటే మొదటి నుంచి చివరి వరకు అరవడమే అనుకునేవారు చాలామంది ఉన్నారు. జర్మన్ శాక్సఫోన్ వాద్యకారుడు పీటర్ బ్రాట్జ్‌మన్ పేరు చెప్పగానే 1968 నాటి గర్జన గుర్తు చేసుకుంటారు గానీ, అదే మనిషి ‘తారోగాతో’ అనే హంగేరీ ఊదే వాద్యం పట్టుకుంటే ఎంత మెత్తగా పలికించేవారో తలచుకోరు. నాకు ఈ సంగీతంలో ప్రాణం లాంటిది ఆ దూకుడే, నిశ్శబ్దపు అంచు నుంచి అరుపుకు దూకే క్షణం. దాన్ని పట్టుకోలేని రికార్డింగు ఎంత శుభ్రంగా ఉన్నా నాకు పనికిరాదు.

అభిమానులు రికార్డు చేయడం ఇవాళ్టి సంగతి కాదు. 1947, 48 సంవత్సరాల్లో డీన్ బెనెడెట్టి అనే శాక్సఫోన్ వాద్యకారుడు జాజ్ శాక్సఫోన్ దిగ్గజం చార్లీ పార్కర్ వెంట క్లబ్బులకు తిరిగి రికార్డు చేశాడు. పార్కర్ సోలోల వరకే పట్టుకుని, మిగతావారి వంతు రాగానే యంత్రం ఆపేసేవాడు. ఆ రికార్డింగులు 1990లో మొజాయిక్ సంస్థ ద్వారా బయటికి వచ్చాయి. ఆయన ఓపికకు నేను దండం పెడతాను, కానీ ఆ పద్ధతి ఈ సంగీతానికి కుదరదు. ఇక్కడ సోలో ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో వాయించేవారికే ముందుగా తెలియదు. మీట నొక్కితే చివరి వరకు ఆపకూడదు. మధ్యలో గెయిన్ (రికార్డర్ సంకేతాన్ని ఎంత పెంచాలో చెప్పే అమరిక) తగ్గించడం కూడా నా దృష్టిలో తప్పే.

ఇక కొలతలు.

మొదటి ప్రయత్నంలో ముందు వరుసలో కూర్చున్నాను, శాక్సఫోన్ నోటి నుంచి మీటరున్నర దూరం. చిన్న ఎలక్ట్రెట్ క్యాప్సూళ్ల (మైకులో శబ్దాన్ని విద్యుత్ సంకేతంగా మార్చే భాగాలు) జత, వాటికి తీగలోనే విద్యుత్తు ఇచ్చే జేబు రికార్డర్. మీటరు ఎక్కడా ఎర్రబడలేదు. ఇంటికి వచ్చి చూస్తే ప్రతి పెద్ద శిఖరమూ సరిగ్గా మైనస్ 7.2 దగ్గర ఆగిపోయింది, అదీ అడుగు వైపు మాత్రమే. పై వైపు గుండ్రంగానే ఉంది. విరామంలో, నా నియమానికి విరుద్ధమే అయినా, గెయిన్ 12 డెసిబెల్స్ తగ్గించాను. రెండో భాగంలో అదే చదును మైనస్ 19.2 దగ్గరికి దిగింది. అంటే తెగుతున్నది గెయిన్ మీటకు ముందే. ఇలాంటి సమస్య చెబితే 32 బిట్ ఫ్లోట్ రికార్డర్ (గట్టి శబ్దం ఫైలులో తెగకుండా రాసేది) కొనమని సలహా ఇస్తారు. వాటిలో జూమ్ ఎఫ్3 నిజంగా మంచి యంత్రం, డబ్బు కూడితే నేనూ కొంటాను. కానీ మైకులోనే తెగిన శబ్దాన్ని ఏ రికార్డరూ అతికించలేదు.

మల్టీమీటర్ పట్టుకుని కూర్చున్నాను. మైకు పెట్టకుండా జాక్ దగ్గర 2.38 వోల్టులు. షార్ట్ చేస్తే 1.08 మిల్లీ ఆంపియర్లు, అంటే లోపలి రెసిస్టర్ 2.2 కిలో ఓములు. క్యాప్సూల్ తగిలించాక దానికి అందుతున్నది 1.31 వోల్టులే, కరెంటు 0.49 మిల్లీ ఆంపియర్లు. ఈ క్యాప్సూల్ 94 డెసిబెల్స్ శబ్దానికి 40 మిల్లీవోల్టులు ఇస్తుంది. 1.31 నుంచి కిందికి దిగడానికి ఉన్న చోటు సుమారు 0.8 వోల్టు. ఈ లెక్కన 117 డెసిబెల్స్ దగ్గర అడుగు తాకుతుంది. ఓవర్‌బ్లో చేస్తున్న (మామూలు స్వరం దాటి పలికేలా బలంగా ఊదుతున్న) టెనర్ ఎదుట, పక్కన డ్రమ్ములు కూడా మోగుతుంటే, ఆ హద్దు దాటడం పెద్ద విషయం కాదు. వోల్టేజీ చాలడం లేదు, అదే జబ్బు అని తేల్చుకున్నాను.

రెండో ప్రయత్నానికి తొమ్మిది వోల్టుల బ్యాటరీ పెట్టె చేశాను. ఎస్పీ రోడ్డులో నేను ఎప్పుడూ వెళ్లే దుకాణంలో రెసిస్టర్లు అడిగితే, "పది కిలో ఓములే ఉన్నాయన్నా, అందరూ అవే తీసుకెళ్తారు" అన్నాడు కుర్రాడు. అవే తెచ్చాను. కొత్త బ్యాటరీ 9.1 వోల్టులు, క్యాప్సూల్ దగ్గర 4.1. మూడింతలకు పైగా పెరిగింది కదా అని సంతోషపడ్డాను. కచేరీ కోసం ఆగే ఓపిక లేక, మారతహళ్లిలో మా పెదనాన్నగారి మనవరాలి పెళ్లిలో పరీక్ష పెట్టాను. మేళం కోలారు వైపు నుంచి వచ్చింది, వాళ్లూ తెలుగువాళ్లే. సన్నాయి పెద్దాయన నా సరంజామా చూసి, "ఏమిటి నాయనా ఆ పెట్టె?" అన్నారు.

"రికార్డరండీ. మీ సన్నాయి ఎంత గట్టిగా పలుకుతుందో కొలుద్దామని. మీకు అభ్యంతరం లేకపోతేనే."

"కొలుచుకో. కాస్త దూరంగా కూర్చో మరి, చెవులు జాగ్రత్త."

నేను దూరంగా కూర్చోలేదు. చెవుల్లో ప్లగ్గులు పెట్టుకుని మీటరున్నరలోనే ఉన్నాను. గట్టిమేళం దగ్గర రెండు వైపులా తెగింది, పైనా కిందా రంపంతో కోసినట్టు. ఇంటికి వచ్చి ఫోను నుంచి వెయ్యి హెర్ట్జ్ శబ్దం ముప్పై సెంటీమీటర్ల దూరంలో మోగించి కొలిస్తే తప్పు తెలిసింది. పాత పద్ధతిలో మైనస్ 31.5, పెట్టెతో మైనస్ 22.8. రెసిస్టర్ పెద్దదైతే క్యాప్సూల్ ఇచ్చే సంకేతం కూడా పెరుగుతుంది. నేను చోటు పెంచానని అనుకున్నాను గానీ, ఆ చోటును నింపే శబ్దాన్నీ 8.7 డెసిబెల్స్ పెంచాను. ఆ పెరిగిన సంకేతాన్ని రికార్డర్ ఇన్‌పుట్ మోయలేకపోయింది. దుకాణం కుర్రాడి తప్పేమీ లేదు, పక్షుల కూతలు రికార్డు చేసేవారికి పది కిలో ఓములే మేలు.

(సన్నాయి ప్రస్తావన వచ్చింది కాబట్టి ఒక మాట. జాజ్ శాక్సఫోన్ వాద్యకారుడు చార్లీ మరియానో నాదస్వరం నేర్చుకున్నారు. మన బెంగళూరులోని కర్ణాటక కాలేజ్ ఆఫ్ పెర్కషన్ బృందంతో, రమామణి గారి గాత్రంతో 1983లో ఆయన చేసిన ఆల్బం ఉంది. ఆ పెళ్లిలో పెద్దాయన పై స్థాయిలో గమకం పట్టుకుని లాగుతుంటే మరియానో దీనిలో ఏం విన్నారో నాకు అర్థమైంది.)

మూడో ప్రయత్నం, అంటే ఈ శనివారం. అదే పెట్టె, పదికి బదులు 2.2 కిలో ఓముల రెసిస్టర్లు. క్యాప్సూల్‌కు 8 వోల్టులు, దాని గరిష్ఠ పరిమితికి లోపలే. పరీక్ష శబ్దం మళ్లీ మైనస్ 31.5 దగ్గరికి వచ్చింది. ఈసారి తిరుగులేదనుకున్నాను. కూర్చున్న చోటు మొదటిసారి లాగే మీటరున్నర, గెయిన్ కూడా అదే. ఫలితం: అడుగు వైపు చక్కగా గుండ్రంగా ఉంది, పై వైపు చదును, మైనస్ 6.1 దగ్గర. మూడు వారాల శ్రమకు లాభం 1.1 డెసిబెల్స్.

ఆదివారం పొద్దున కాగితం మీద వేసిన లెక్క ఇది. క్యాప్సూల్ లోపల ఉన్న చిన్న ట్రాన్సిస్టర్ గుండా విశ్రాంతిలో ప్రవహించేది 0.49 మిల్లీ ఆంపియర్లు. శబ్దం దాన్ని సున్నాకు తగ్గించగలదు, అంతకంటే తగ్గించలేదు. 2.2 కిలో ఓముల రెసిస్టర్‌కు రికార్డర్ ఇన్‌పుట్ పది కిలో ఓములు సమాంతరంగా చేరితే 1.8. దాన్ని 0.49తో గుణిస్తే 0.88 వోల్టు. పైకి లేవగలిగింది అంతే. బ్యాటరీ తొమ్మిది వోల్టులైనా తొంభై అయినా ఇది మారదు. మొదటిసారి అడుగున ఉన్న హద్దు 0.8, ఇప్పుడు పైన ఉన్న హద్దు 0.88. ఆ రెండింటి మధ్య తేడా దాదాపు ఒక డెసిబెల్. నా ఫైలులో కనిపించిన 1.1తో సరిపోతోంది! రెసిస్టర్ పెంచితే ఈ హద్దుతో పాటు సంకేతమూ పెరుగుతుంది కాబట్టి అక్కడా లాభం లేదు. అంటే ఇన్నాళ్లూ నేను బయట వెతికిన గోడ క్యాప్సూల్ లోపలే ఉంది. ఇంకొక అనుమానం కూడా ఉంది. నా వెనక గోడ నలభై సెంటీమీటర్లలోనే ఉంది, అది కూడా కొంత శబ్దాన్ని తిప్పి కొట్టి ఉండాలి. కానీ సన్నాయి దగ్గర వెనక గోడే లేదు, అయినా తెగింది. కాబట్టి గోడను ప్రధాన కారణంగా ఒప్పుకోలేను.

వెనక్కి వెళ్లి కూర్చోవచ్చు కదా అంటే, అదీ చూశాను. మరో కచేరీలో మూడు మీటర్ల దూరంలో కూర్చుంటే అరుపు తెగలేదు, కానీ ఊపిరీ మీటల టకటకా ఏసీ రొదలో మునిగిపోయాయి. తక్కువ స్పందన ఉన్న మైకు కొనమంటే అక్కడా ఇదే బేరం. డీపీఏ సంస్థ 4060 మైకు సొంత రొద (శబ్దమేదీ లేకపోయినా మైకు చేసే బుస) 23 డెసిబెల్స్, మరింత గట్టి శబ్దాన్ని మోసే 4061కి 26. నా క్యాప్సూళ్లకు 14 మాత్రమే. చేతిలో పట్టేంత మైకుల్లో డీపీఏను మించినవి నేను వినలేదు, ధర మాత్రం నా నెల జీతంలో చాలా భాగం తినేస్తుంది. అంత పెట్టి కొన్నాక ఆ మైనస్ 52 దగ్గరి ఊపిరి వెనక బుస వినిపిస్తే తట్టుకోలేను.

బాగా వచ్చినవి: కుర్చీ కింద మడిచిన తువ్వాలు వేస్తే నేల నుంచి వచ్చే అదురు పోయింది, డ్రమ్ముల స్థానం స్పష్టంగా తెలుస్తోంది.

ఇప్పుడు ఆశ అంతా సీగ్‌ఫ్రీడ్ లింక్విట్జ్ పేరుతో పిలిచే మార్పు మీద ఉంది. క్యాప్సూల్ వెనక ట్రాన్సిస్టర్‌ను తొడుగుకు కలిపే సన్నని రాగి గీతను కోసి, మూడో తీగ బయటికి తీసి, సంకేతాన్ని అక్కడి నుంచి తీసుకోవాలి. అప్పుడు ట్రాన్సిస్టర్ సంకేతాన్ని పెంచదు, మోస్తుంది. ఆ 0.88 గోడ అక్కడితో పోవాలి. సంకేతం తగ్గినందుకు రికార్డర్ సొంత రొద ఎంత పైకి తేలుతుందన్నదే నా భయం. అందుకే పాత జతను ముట్టుకోను. కొత్త జత తెప్పించి, ఒకటి పాడైనా పరవాలేదనుకుని కోస్తాను. టంకం కడ్డీ క్యాప్సూల్‌ను రెండు సెకన్ల కంటే ఎక్కువ తాకకూడదు, ఎలక్ట్రెట్ పొర వేడికి చచ్చిపోతుంది. ముందు పాత ఇయర్‌ఫోన్ మైకుల మీద చేయి అలవాటు చేసుకోవాలి.

అది కుదరకపోతే రెండు జతలూ ఒకేసారి నడిపి, నాలుగు ట్రాకుల్లో మెత్తని భాగం ఒక జత నుంచి, అరుపు మరో జత నుంచి తీసుకుని కలపాలి. మనసు అంతగా ఒప్పుకోవడం లేదు, ఎందుకంటే దూకే క్షణంలోనే అతుకు పడుతుంది. ఫ్రీ జాజ్ శాక్సఫోన్ వాద్యకారుడు ఆర్నెట్ కోల్మన్ 1960 డిసెంబరు 21న రెండు క్వార్టెట్లను (నలుగురేసి వాద్యకారుల బృందాలను) కలిపి వాయింపించినప్పుడు ఒకదాన్ని ఎడమ చానెల్‌లో, మరొకదాన్ని కుడి చానెల్‌లో ఉంచారు. ఆ విభజన సంగీతంలోనే ఉంది కాబట్టి వినడానికి హాయిగా ఉంటుంది. నాది అవసరం కోసం వేసే అతుకు అవుతుంది.

వచ్చే నెల చెన్నైలో, నుంగంబాక్కంలో, బాస్ క్లారినెట్‌తో ఒక త్రయం వాయించబోతోందని తెలిసింది. శతాబ్దిలో వెళ్లి రాత్రి బస్సులో తిరిగి రావాలి. అనుమతి అడుగుతూ ఈ ఉదయమే ఉత్తరం రాశాను. అంతకు ముందు కోలారు వెళ్లాలి. సన్నాయి పెద్దాయన ఆదివారాల్లో ఇంటి దగ్గర సాధన చేస్తారట, ఫోను చేస్తే రమ్మన్నారు. కొత్త జతకు మొదటి పరీక్ష ఆయన ముందే, మీటరున్నర దూరంలో.