ఒక్క వేలితో చూపించమన్నారు

నొప్పి ఎక్కడో చూపించమని ఒంగోలు డాక్టరు గారు అడిగితే నేను అరచేత్తో కాలంతా నిమిరాను. "అట్టా కాదమ్మా, ఒక్క వేలితో చూపించగలవా?" అన్నారు. చూపుడు వేలిని కుడికాలి ఎముక వెంబడి మోకాటి కింద నుంచి జరుపుకుంటూ వచ్చాను. చీలమండకు జానెడు పైన, లోపలి అంచున, రూపాయి బిళ్లంత చోట వేలు ఆగిపోయింది. ఆ చోటే ఆయన బొటనవేలితో నొక్కారు. బల్ల మీద నుంచి ఎగిరి కూర్చున్నాను. తర్వాత ఒంటికాలి మీద గెంతమన్నారు. ఒక్కసారి గెంతి రెండోసారి గెంతలేక నాన్న భుజం పట్టుకున్నాను.

"షిన్ పెయిన్, అంటే కాలి ముందు ఎముక వెంబడి వచ్చే మామూలు పరుగు నొప్పి అయితే అరచేతి పొడుగునా ఉంటది. వేలికి దొరికిందంటే ఎముకను అనుమానించాలి" అన్నారు ఆయన.

మాది కనిగిరి దగ్గర పల్లె. 2022 నవంబరులో కానిస్టేబుల్ నోటిఫికేషన్ పడింది, 2023 జనవరి 22న ప్రిలిమ్స్ రాశాను, పాసయ్యాను. ఆ తర్వాత ఈవెంట్లు, అంటే పరుగు, దూకుడు పరీక్షలు. ఆడపిల్లలు 1600 మీటర్లు 10 నిమిషాల 30 సెకన్లలో పరిగెత్తాలి. దాంతో పాటు 100 మీటర్లు 18 సెకన్లలో గానీ, లాంగ్ జంప్ 2.75 మీటర్లు గానీ కొట్టాలి. మార్చిలోనే ఈవెంట్లు అన్నారు. ఇంటర్ దాటాక పరుగన్నదే ఎరగని నేను డిసెంబరులో మొదలుపెట్టి, ఫిబ్రవరికల్లా వారానికి ఆరు రోజులు, రోజుకు ఏడెనిమిది కిలోమీటర్లు తారురోడ్డు మీద పరిగెత్తేదాన్ని. తెల్లారుజామున నాలుగున్నరకు లేవడం, అరగంట స్ట్రెచింగ్, ఆ తర్వాత రౌండ్లు.

మూడో వారానికే ఆయాసం తగ్గింది. మొదట్లో రెండు రౌండ్లకు కళ్లు తిరిగిన నేను ఆరు రౌండ్లు ఆగకుండా కొట్టాను. ఆ సంతోషమే నన్ను ముంచింది. గుండె, ఊపిరితిత్తులు కొన్ని వారాల్లోనే కొత్త పనికి అలవాటు పడతాయి. ఎముక లెక్క వేరు. దెబ్బలు పడే కొద్దీ అది ముందు పాత భాగాన్ని తవ్వి తీసేస్తుంది, ఆ గుంటలో తర్వాత కొత్త ఎముక పోస్తుంది. తవ్వకం వారాల్లో అయిపోతుంది, పోసింది గట్టిపడటానికి నెలలు పడుతుంది. అంటే పరుగు మొదలుపెట్టిన తొలి నెలల్లోనే ఎముక మామూలు కంటే కాస్త బలహీనంగా ఉంటుంది. సరిగ్గా అప్పుడే ఊపిరి "ఇంకో రౌండు కొట్టు" అంటుంది. ఈ ఒక్క ముక్క మా గ్రౌండులో ఎవరైనా మొదటి రోజు చెప్పి ఉంటే నాకు ఆ ఏడాది అలా గడిచేది కాదు.

ఫిబ్రవరి చివర్లో నొప్పి మొదలైంది. మొదట పరుగు అయ్యాక వచ్చేది, తర్వాత పరుగు మధ్యలో, తర్వాత మెట్లు దిగుతుంటే. ట్రైనింగ్ ఇచ్చే సార్ "షిన్ పెయిన్ అందరికీ వస్తది, పరిగెత్తితే అదే పోతది" అన్నారు. జెల్ రాసుకున్నాను, క్రేప్ బ్యాండేజీ చుట్టుకున్నాను, మాత్ర వేసుకుని మరీ పరిగెత్తాను. మార్చిలో ఈవెంట్లు వాయిదా పడ్డాయని తెలిసి అందరూ ఏడ్చారు. ఆ వాయిదానే నా కాలిని కాపాడిందని నాకు తర్వాత అర్థమైంది.

మొదట చూపించుకున్న ఆసుపత్రిలో ఎక్స్‌రే తీశారు. ఫిల్మును ట్యూబ్‌లైటుకు ఎదురుగా పట్టుకుని "ఎముకకు ఏమీ కాలేదు, కండరం నొప్పి" అని పంపించేశారు. ఆ మాట పట్టుకుని ఇంకో తొమ్మిది రోజులు పరిగెత్తాను. పదో రోజు రాత్రి పడుకున్నా కాలు లోపల సలుపుతూనే ఉంది. ఇది చదివే పిల్లలు బాగా గుర్తుపెట్టుకోవాలి: స్ట్రెస్ ఫ్రాక్చర్, అంటే పదేపదే దెబ్బలు పడి ఎముకలో వచ్చే సన్నటి చీలిక, మొదటి వారాల్లో ఎక్స్‌రేలో చాలాసార్లు కనపడదు. ఎక్స్‌రే బాగుందంటే ఎముక బాగుందని కాదు. పడుకున్నప్పుడు కూడా నొప్పి పెడుతుంటే మళ్లీ చూపించుకోవాలి.

పొదిలి మీదుగా ఒంగోలు బస్సెక్కింది అప్పుడే. ఎమ్మారైలో ఎముక లోపల వాపు తెల్లగా మెరుస్తూ కనిపించింది, దాని మధ్యలో సన్నటి నల్లగీత. డాక్టరు గారు పెన్సిలుతో ఆ గీతను చూపించి, "ఇది కొత్త జబ్బేం కాదు, సైనికుల జబ్బు" అన్నారు. 1855లోనే బ్రైట్‌హాప్ట్ అనే ప్రష్యా (ఒకనాటి జర్మన్ రాజ్యం) సైనిక వైద్యుడు, కవాతు చేసి చేసి పాదాలు వాచిన సైనికుల గురించి రాశాడట. ఎక్స్‌రే కనిపెట్టింది 1895లో. ఎముక లోపల ఏముందో చూసే దారి దొరకడానికి 40 ఏళ్ల ముందే ఆయన ఆ నొప్పిని పట్టుకున్నాడు. ఏ అలవాటూ లేని కుర్రాళ్లను తెచ్చి ఒక్కసారిగా కవాతు చేయిస్తే ఏమవుతుందో, మా గ్రౌండులో నాకూ అదే అయింది.

ఆ రోజు నన్ను అసలు కదిలించింది ఎమ్మారై కాదు, ఫిజియోథెరపీ మేడమ్ అడిగిన ప్రశ్న. "నెలసరి సరిగ్గా వస్తోందా అమ్మా?" నాన్న పక్కనే ఉన్నాడు. నేను తల దించుకున్నాను. మేడమ్ అది గమనించి, "అన్నా, మీరు కిందికెళ్లి టీ తాగి రండి" అని నాన్నను పంపించారు. అప్పుడు చెప్పాను, నాలుగు నెలలుగా రాలేదని. పరుగు వల్ల ఆగిందనీ, గ్రౌండుకు అదే సుఖమనీ మేం అమ్మాయిలం అనుకునేవాళ్లం. "ఏం తింటున్నావు?" అంటే అదీ చెప్పాను. నాలుగున్నరకు ఖాళీ కడుపుతో పరుగు, తొమ్మిదికి రెండు ఇడ్లీలు, మధ్యాహ్నం గుప్పెడు అన్నం, రాత్రి రెండు చపాతీలు. బరువు తగ్గితే టైమింగ్ వస్తుందని సార్ చెప్పారు, నేను 49 కిలోల నుంచి 43కి దిగాను. రూలు ప్రకారం ఆడవాళ్లకు కనీసం 40 కిలోలు ఉండాలి కదా, ఇంకా మూడు కిలోలు తగ్గొచ్చని లెక్క కూడా వేసుకున్నాను.

మేడమ్ కోప్పడలేదు. కాగితం మీద రెండు గీతలు గీసి చెప్పారు. తిన్న దాంట్లోంచి పరుగుకు పోయేది పోగా మిగిలిన శక్తితోనే ఒళ్లు తక్కిన పనులన్నీ చేసుకోవాలి. ఆ మిగులు చాలకపోతే మెదడు ముందు నెలసరిని ఆపుతుంది. దాంతో ఈస్ట్రోజన్ అనే ఆడ హార్మోను పడిపోతుంది. ఈస్ట్రోజన్ లేకపోతే ఎముకలో తవ్వకం ఎక్కువై, పోత తక్కువవుతుంది. అమెరికాలో ఆన్ లౌక్స్ అనే పరిశోధకురాలు నెలసరి సక్రమంగా ఉన్న 29 మంది యువతుల మీద దీన్ని పరీక్షించి 2003లో ప్రచురించారు. ఆ మిగులు, ఒంట్లో కొవ్వు తీసేసిన బరువులో కిలోకు రోజుకు 30 కేలరీల కంటే తగ్గితే, నెలసరిని నడిపే హార్మోను లయ ఐదు రోజుల్లోనే దెబ్బతింది. ఐదే రోజులు! నేను నాలుగు నెలలు అలా గడిపాను. 2014లో అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ వైద్య నిపుణులు దీనికి ఒక పేరు పెట్టి, మగ క్రీడాకారులకు కూడా ఇది వస్తుందని ప్రకటించారు. అంటే ఒలింపిక్స్‌కు వెళ్లేవాళ్లకు డాక్టర్లు ఈ ప్రశ్న వేస్తున్నారు. కనిగిరి గ్రౌండులో పరిగెత్తే పిల్లకు వేసేవాళ్లు లేరు. ఆడపిల్లలకు ట్రైనింగ్ ఇచ్చే ప్రతి చోటా ఈ ప్రశ్న అడగడానికి ఒక ఆడమనిషి ఉండి తీరాలని నేను గట్టిగా నమ్ముతున్నాను.

ఆ తర్వాత డాక్టరు గారు నీళ్ల గురించి అడిగారు. మా బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ కాబట్టి కనిగిరి వైపు అనగానే అడుగుతారట. పదో తరగతి దాకా మేం తాగింది బోరు నీళ్లే. నా ముందు పళ్ల మీద తెల్లటి, గోధుమ రంగు చారలున్నాయి. మా నాయనమ్మ మెడ తిప్పలేదు, మోకాళ్లు మడవలేదు. తర్వాత ప్రకాశం జిల్లాలోకి వెళ్లిన మా ప్రాంతం 1970 దాకా నెల్లూరు జిల్లాదే. మన దేశంలో ఎముకల ఫ్లోరోసిస్‌ను (ఫ్లోరైడ్ చేరి ఎముకలు, కీళ్లు బిగిసే జబ్బును) మొట్టమొదట 1937లో షార్ట్ బృందం వర్ణించింది ఆనాటి నెల్లూరు జిల్లా పల్లెల్ని చూసే. నాయనమ్మ నొప్పి వైద్యశాస్త్రంలోకి అంత పాతకాలంలోనే ఎక్కింది, నీళ్లు మాత్రం మా ఊరికి ఆలస్యంగా మారాయి.

"అయితే నా కాలు విరిగింది ఫ్లోరైడ్ వల్లేనా?" అని అడిగాను. డాక్టరు గారు నిజాయితీగా చెప్పారు: ఒక్కరి ఎముకను చూసి అలా తేల్చలేం. ఫ్లోరైడ్ చేరిన ఎముక చిక్కగా కనిపించినా గట్టిదని కాదు. 1990లో అమెరికాలో 202 మంది పెద్ద వయసు ఆడవాళ్ల మీద చేసిన పరీక్షలో రోజుకు 75 మిల్లీగ్రాముల సోడియం ఫ్లోరైడ్ ఇస్తే నడుము ఎముకల సాంద్రత 35 శాతం పెరిగిందట, అయినా వెన్నెముక కాక తక్కిన ఎముకలు విరగడం ఎక్కువైందట. అది మందు మోతాదు, మనది నీళ్ల సంగతి, రెండూ ఒకటి కావు. కానీ కాల్షియం తక్కువైన ఒంటికి ఫ్లోరైడ్ మరింత చేటు చేస్తుందని మాత్రం చెప్పి, క్యాను నీళ్లే తాగమన్నారు.

రెండు వారాలు చంకకర్రలు, మొత్తం ఆరు వారాలు పరుగు బంద్. ఆ ఆరు వారాల్లో నేను ఇంట్లో కూర్చున్నాను గానీ ఊరకే కూర్చోలేదు. రోజూ రెండు గుడ్లు, రెండు పూటలా పాలు, గడ్డ పెరుగు, అమ్మ చేసిన నువ్వుల ఉండలు, రాగి సంకటి. 100 గ్రాముల రాగుల్లో 300 మిల్లీగ్రాములకు పైనే కాల్షియం ఉంటుంది, బియ్యంలో దాని ముందు లెక్కలోకే రాదు. మాత్రలు కూడా ఇచ్చారు. అమెరికా నౌకాదళంలో చేరిన 5,201 మంది ఆడవాళ్ల మీద చేసిన పరిశోధన ఒకటి 2008లో వచ్చింది. 8 వారాల ట్రైనింగులో రోజుకు 2,000 మిల్లీగ్రాముల కాల్షియం, 800 యూనిట్ల విటమిన్ డి తీసుకున్నవాళ్లలో స్ట్రెస్ ఫ్రాక్చర్లు 20 శాతం తక్కువ. ఆ మోతాదు ఎవరికి వారు కొని మింగేది కాదు, నాకు రక్తపరీక్ష చేసి ఎంతో చెప్పారు.

నేను నమ్ముకున్న అరగంట స్ట్రెచింగ్ సంగతి కూడా అప్పుడే తెలిసింది. ఆస్ట్రేలియా సైన్యంలో కొత్తగా చేరిన 1,538 మందిని రెండు జట్లుగా చేసి, ఒక జట్టుతో మాత్రమే వ్యాయామానికి ముందు స్ట్రెచింగ్ చేయించారు. 12 వారాల తర్వాత చూస్తే కాలి గాయాల్లో చెప్పుకోదగ్గ తేడా లేదు. 2000లో వచ్చిన ఫలితం ఇది. గాయం ఎవరికి వస్తుందో ముందే బాగా చెప్పింది మొదటి రోజు నాటి ఫిట్‌నెస్. అసలు అలవాటు లేకుండా వచ్చినవాళ్లే ఎక్కువ దెబ్బతిన్నారు, నాలాగా.

ఏడో వారం నుంచి మేడమ్ పని పెట్టారు. గడప మీద మునివేళ్లు ఆనించి మడమలు లేపి దించడం, నాన్న సైకిలు తొక్కడం. నొప్పి పూర్తిగా పోయాక తులసికోట ముందు మట్టినేల మీద చిన్న చిన్న గెంతులు: పొద్దున 20, మధ్యాహ్నం 20, సాయంత్రం 20. "అన్నీ ఒకేసారి గెంతితే పోదా మేడమ్?" అంటే, ఎలుకల ఎముకల మీద చేసిన పరీక్ష గురించి చెప్పారు. 360 ఒత్తిళ్లు ఒకేసారి ఇచ్చిన ఎముక కంటే, అవే 360ని 90 చొప్పున నాలుగు దఫాలుగా, మధ్యలో గంటల విరామంతో ఇచ్చిన ఎముక ఎక్కువ పెరిగిందట. ఎముక కణాలు కాసేపటికే ఒత్తిడిని పట్టించుకోవడం మానేస్తాయి, విశ్రాంతి ఇస్తే మళ్లీ వింటాయి. అప్పటి నుంచి అమ్మ పొయ్యి దగ్గర నుంచే "గెంతావా?" అని కేకేసేది.

పరుగు జూన్‌లో మొదలైంది, రోజు విడిచి రోజు. ఒక నిమిషం పరుగు, నాలుగు నిమిషాల నడక, అలా ఐదుసార్లు. రెండు వారాలకోసారి పరుగు ఒక నిమిషం పెంచి నడక ఒక నిమిషం తగ్గించాలి. రూలు ఒక్కటే: ఆ రూపాయి బిళ్లంత చోట నొప్పి తెలిస్తే ఆగిపోవాలి, ముందటి మెట్టుకు దిగాలి. కండరం నొప్పిని కాస్త ఓర్చుకోవచ్చు, ఎముక నొప్పిని ఓర్చుకోకూడదు. జులైలో స్నేహితురాళ్లతో పాటు వరుసగా మూడు రోజులు పరిగెత్తాను. నాలుగో రోజు అదే చోట మళ్లీ పోటు. రెండు వారాలు వెనక్కి. ఆ రోజు నేను మొదటిసారి కంటే ఎక్కువ ఏడ్చాను, ఎందుకంటే ఈసారి తెలిసీ చేశాను.

ఆగస్టులో నెలసరి వచ్చింది. అమ్మకు చెప్తే, ఏమీ అనకుండా చేతులు తుడుచుకుని వచ్చి నా తల నిమిరింది. అక్టోబరుకు 1600 మీటర్లు ఆగకుండా పరిగెత్తాను, 48 కిలోల బరువుతో. బరువు తగ్గాక నాకు ఎప్పుడూ రాని టైమింగ్ తిన్నాక వచ్చింది.

ఈవెంట్లు చివరికి 2024 డిసెంబరు ఆఖర్లో మొదలయ్యాయి. నా వంతు జనవరిలో ఒంగోలులో వచ్చింది. చలిగా ఉంది, నా బ్యాచ్‌లో అందరం చేతులు రుద్దుకుంటూ నిలబడ్డాం. నా పక్కమ్మాయి వంగి రెండు చేతులతో కాలు నొక్కుకుంటుంటే నా చూపు అక్కడికే పోయింది. విజిల్ మోగింది. మూడో రౌండులో కుడికాలి మీదికి మనసు పోయింది, ఏమీ లేదు. 9 నిమిషాల 24 సెకన్లలో గీత దాటాను.

ఆ రాత్రి ఇంటికొచ్చి కాళ్లు కడుక్కుంటూ చూపుడు వేలితో ఆ చోటు తడిమాను. అతుక్కున్న చోట కందిగింజంత గుబ్బ ఉంది, ఇప్పటికీ ఉంది. నొక్కితే గట్టిగా తగులుతుంది, నొప్పి లేదు.