నా లాగర్‌కి మార్కులేసిన రొయ్యల రైతు

లాగర్‌లో, అంటే చల్లగా పులియబెట్టే బీరులో, ఏ చిన్న తేడా ఉన్నా బయటపడిపోతుంది. హాప్స్ (బీరుకి చేదునిచ్చే పూలు) గుప్పించే ఐపీఏ రకం బీరులో అయితే చిన్నాచితకా లోపాలు ఆ చేదులో కలిసిపోతాయి గానీ, మ్యూనిక్ వాళ్ల హెలెస్ అనే లాగర్‌లో లేత బంగారు రంగు, మాల్ట్ (మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ) రుచి, కొంచెం చేదు, అంతే. అందుకే నేను చేసిన హెలెస్ ఎలా ఉందో తేల్చుకోవడానికి సంక్రాంతికి జర్మనీ నుంచి భీమవరం వస్తూ నాలుగు అరలీటరు సీసాలు పెట్టెలో పెట్టుకొచ్చాను. కస్టమ్స్ వాళ్లు మనిషికి రెండు లీటర్లకి మించి సుంకం లేకుండా ఒప్పుకోరు మరి.

ముందే చెప్పేస్తున్నా, కాచింది ఇక్కడ కాదు. జర్మనీలో ఇంట్లో తాగడానికి ఏడాదికి 500 లీటర్ల దాకా పన్ను లేకుండా చేసుకోవచ్చు, 2024కి ముందు అది 200 ఉండేది. మన దగ్గర లైసెన్సు లేకుండా చేస్తే ఎక్సైజ్ కేసే. చట్టం సంగతి పక్కన పెట్టినా మన వాతావరణం కుదరనివ్వదు. లాగర్ ఈస్ట్‌కి 10-12 డిగ్రీలు కావాలి, పులిశాక బీరుని వారాల తరబడి 0-2 డిగ్రీల్లో ఉంచాలి, మనమేమో జనవరి రాత్రి 18 డిగ్రీలకే రెండు దుప్పట్లు కప్పుకుంటాం. బవేరియాలోనూ వేసవిలో చేసిన బీరు పాడవుతోందని 1553లో ఏప్రిల్ 23 నుంచి సెప్టెంబర్ 29 దాకా కాయడమే ఆపించేశారు. 1870ల్లో జర్మన్ ఇంజనీర్ లిండే చేసిన కూలింగ్ మిషన్ వచ్చాకే వాళ్లకి ఆ బాధ తీరింది.

తయారీ గురించి ఎక్కువ చెప్పను. 20 లీటర్లకి నాలుగున్నర కిలోల మాల్ట్, దాదాపు అంతా పిల్స్‌నర్ రకం, కాస్త మ్యూనిక్ రకం. 66 డిగ్రీల నీళ్లలో గంట నానబెట్టి, ఆ నీళ్లు వడకట్టి 90 నిమిషాలు మరిగించాను, లేకపోతే ఉడికిన మొక్కజొన్న వాసన ఉండిపోతుంది. హాప్స్ హాలర్టావ్ రకం, ఈస్ట్ డబ్ల్యూ-34/70 అనే లాగర్ ఈస్ట్ రెండు ప్యాకెట్లు. పులియడం పూర్తవుతుండగా రెండు మూడు రోజులు 16 డిగ్రీలకి పెంచి (వెన్న వాసన రాకుండా), తర్వాత నెల పైన ఫ్రిజ్‌లో 1 డిగ్రీ దగ్గర ఉంచాను. గ్రావిటీ (నీళ్లతో పోలిస్తే ద్రవం ఎంత చిక్కగా ఉందన్న లెక్క) 1.048 నుంచి 1.010కి దిగింది, అంటే ఆల్కహాల్ 5 శాతం.

ఇక మా బావ. కాళ్ల మండలం వైపు వనామి రొయ్యల చెరువులు చేస్తాడు. బీరు తాగడమే తప్ప అదెలా తయారవుతుందో ఎప్పుడూ పట్టించుకోలేదు, కానీ తవుడు, బెల్లం, ఈస్ట్ డ్రమ్ములో పులియబెట్టి చెరువులో చల్లే మనిషికి నేను కొత్తగా నేర్పేదేముంది! నేను సగం చెప్పేలోపే "మరి ఈస్ట్‌కి ఏరేటర్ పెట్టవా?" అన్నాడు. చెరువు నీళ్లకి గాలి పట్టించే మిషన్ అది. సరిగ్గా అడగాల్సిన ప్రశ్న. మొదట్లో ఈస్ట్ పెరగడానికి ఆక్సిజన్ కావాలి, పులియడం మొదలయ్యాక మాత్రం గాలి తగలకూడదు, తగిలితే బీరుకి తడి అట్టపెట్టె వాసన పడుతుంది.

ప్రయాణంలో కదిలిన ఈస్ట్ అడుగుకి దిగాలని సీసాలు ఫ్రిజ్‌లో నిలబెట్టి ఉంచి, మర్నాడు నెమ్మదిగా వంపాను. నురుగు తెల్లగా, దట్టంగా నిలిచింది. అక్క తాగదు, వాసన చూసి "హార్లిక్స్ వాసనొస్తోందిరా" అంది. మాల్ట్ వాసన మాల్ట్‌లా ఉందన్నమాట. బావ వెంటనే తాగలేదు. గ్లాసు మూతికి అరచెయ్యి అడ్డం పెట్టి, రెండుసార్లు తిప్పి, చెయ్యి తీసి గట్టిగా పీల్చాడు. చెరువు అడుగు నల్లమట్టి తీసి వాసన చూసేదీ ఇలాగే.

"గ్యాస్ ఉందిరా. కొంచెమే అనుకో, కానీ ఉంది."

బావ గ్యాస్ అన్నది కుళ్లిన గుడ్డు వాసనేసే హైడ్రోజన్ సల్ఫైడ్‌ని! లాగర్ ఈస్ట్ పులిసేటప్పుడు అది పుట్టడం మామూలే, చల్లగా ఉంచిన కొద్దీ పోతుంది, సీసాలో బిగిస్తే మిగిలింది అందులోనే ఉండిపోతుంది. జర్మనీలో నాతో కలిసి తాగిన వాళ్లలో ఒక్కళ్లూ ఇది పట్టలేదు, నాకూ తెలీలేదు. గ్లాసు పది నిమిషాలు పక్కన పెట్టి మళ్లీ చూస్తే ఆ వాసన లేదు, రొట్టె వాసన పైకొచ్చింది. వెన్న వాసన ఉందేమోనని గుచ్చి గుచ్చి అడిగాను, లేదన్నాడు.

బీరు పోటీల్లో వాడే బీజేసీపీ లెక్కలో ఇద్దరం కలిసి మార్కులేశాం. వాసనకి 12కి 7, చూపుకి 3కి 2, రుచికి 20కి 14, నోట్లో తగిలే తీరుకి 5కి 4, మొత్తమ్మీద ఎలా ఉందన్నదానికి 10కి 7. అంటే 50కి 34. చూపులో ఒక మార్కు పోయింది కాస్త మసగ్గా ఉందని. రుచికి నేను 15 అన్నాను, వేపుడు రొయ్యలతో తాగితే చేదు చాలట్లేదని బావ ఒకటి కోసేశాడు. హెలెస్‌కి అంత చేదు ఉండదు బావా అంటే వినడే.

బాబాయి కొడుకు మాత్రం గ్లాసు ఖాళీ చేసి "బానే ఉంది గానీ కిక్కేదన్నయ్యా?" అన్నాడు. స్ట్రాంగ్ బీర్లకి అలవాటుపడ్డ వాడికి 5 శాతం ఎక్కడ ఆనుతుంది? నాలుగో సీసా వాడి కంట పడకుండా దాచాం. వచ్చేసారి ఇంకో మూడు వారాలు ఎక్కువ చల్లగా ఉంచి తెస్తాను. గ్లాసు మీద అరచెయ్యి పెట్టేది మాత్రం మళ్లీ బావే.